ఉద్దానంలో సంగిడి రాయి

కొబ్బరి మీద రాద్దామని శ్రీకాకుళం జిల్లా ఉద్దానంలో ఉన్న కవిటి వెళ్ళాను. దారిలో పలాస జీడిపప్పు బట్టీలు, సోంపేట, కంచిలి అన్నీ తగిలాయి. వాటి గురించి రాసినవాళ్ళు చాలామందే ఉన్నారు కనక వదిలేస్తున్నాను. కవిటిలో స్నేహితుడి మేనత్త పెట్టిన భోజనాన్ని మాత్రం వదలను. లేత పనసకాయ ముక్కల్లో పచ్చి జీడిపప్పు వేసి, మసాలా దట్టించి, నూనె పైకి తేలేదాకా మగ్గించిన కూర. పక్కన కరకరలాడే ఎండు నెత్తళ్ళు. "తిను బావూ, సిగ్గు పడతావేటి" అంటూ ఆవిడ మూడోసారి వడ్డించింది. నేను వద్దనలేదు. మంచినీళ్ళు మాత్రం బయట కొన్న క్యాన్లోంచి పోసింది. ఉద్దానంలో ఇంటింటికీ కిడ్నీ జబ్బు భయం. కారణం ఇదీ అని పరిశోధకులు ఇప్పటికీ తేల్చి చెప్పలేదు. ఈలోగా నూతినీళ్ళ మీద జనానికి నమ్మకం పోయింది.

సాయంత్రం తోటలోకి వెళ్ళాం. 2018 అక్టోబరు 11 తెల్లవారుజామున వచ్చిన తిత్లీ తుపాను ఇక్కడ కొబ్బరిని చదును చేసేసింది. మళ్ళీ వేసిన చెట్లు ఎదుగుతున్నాయి, పాతవి కొన్ని వంగిన నడుంతో అలాగే కాస్తున్నాయి. తోట చివర ఖాళీ జాగాలో కుర్రాళ్ళు కబడ్డీ కోర్టు గీసుకున్నారు. గీతలకు సున్నం లేదు, బూడిద పోశారు. కూత పెడుతూ వెళ్ళినవాడు పట్టుబడి కింద పడితే ఇసుక గనక దెబ్బ తగల్లేదు. లేచి, లాగు దులుపుకుని, అవుటు కాదని పోట్లాటకు దిగాడు.

నా కళ్ళు మాత్రం ఆ పక్కన, పడిపోయిన కొబ్బరిమొద్దుకి ఆనించి ఉన్న రాయి మీద పడ్డాయి. గుండ్రటి నల్లరాయి. ఒక పక్క వేళ్ళు దూరేలా గాడి చెక్కారు. ఆ గాడి అంచులు ఎంత నున్నగా ఉన్నాయంటే, ఎన్ని చేతులు మారితే అంత నునుపు తేలుతుందా అనిపించింది. వేళ్ళు పెట్టి చూశాను. రాయి కదల్లేదు.

"ఏటి బావూ, అలా సూస్తన్నావు? అది నిన్నెత్తదు, నువ్వే ఎత్తాల."

మొద్దు మీద కూర్చున్న తాత. ఎనభై దాటి ఉంటాయి, భుజాలు మాత్రం ఇంకా వెడల్పే. అది సంగిడి రాయట. సంక్రాంతికి ఊళ్ళో మగాళ్ళంతా పోటీ పడి ఎత్తేవారట. రాయి అయ్యాక ఉలవల బస్తా. మోకాలు దాకా ఒక ఎత్తు, ఛాతీ దాకా ఇంకో ఎత్తు, తల మీదకి లేపితేనే గెలిచినట్టు.

"గెలిచినోడికి పిల్లనిచ్చేవోరా తాతా?"

"పిల్లనా! ముంతడు కల్లిచ్చీవోరు. పిల్లని పొలం సూసి ఇచ్చీవోరు."

బరువెంత అని అడిగితే నవ్వాడు. ఆ రోజుల్లో కాటా ఎవడి దగ్గరుందని? ఫలానావాడు ఎత్తాడు, ఫలానావాడి చేత కాలేదు, అదే తూకం. అదీ ఎక్కడా రాసి లేదు.

వేల్స్‌లో బొగ్గుగనుల లోయల్లో చిన్నచిన్న ఊళ్ళకు కూడా రగ్బీ క్లబ్బులు ఉంటాయనీ, ఏ ఏడు ఎవరు కెప్టెనో గోడ మీద చెక్కపలకల్లో రాసి పెడతారనీ చదివాను. పగలు గనిలో కష్టపడ్డవాళ్ళే సాయంత్రం మైదానంలో కొట్టుకునేవారు. మన ఊళ్ళ ఆటలకీ ఆధారం రెక్కల కష్టమే. గోడ, పలక మాత్రం లేవు. ఈ తాత పోతే ఎవరు ఎత్తారో ఎవరు ఎత్తలేదో కూడా పోతుంది. ఊరికో యువజన సంఘం ఉంటుంది, వినాయకచవితి చందాల లెక్క పైసాతో సహా రాస్తుంది, ఆటల లెక్క ఎవరూ రాయరు. నాకిది బొత్తిగా నచ్చని సంగతి.

ఈ బలం పిచ్చి ఈ ప్రాంతానికి కొత్తది కాదు. 1880ల్లో వీరఘట్టంలో పుట్టిన కోడి రామ్మూర్తి విజయనగరంలో సాము నేర్చి, మద్రాసు సైదాపేటలో వ్యాయామ శిక్షణ పూర్తిచేసి, కొన్నాళ్ళు వ్యాయామోపాధ్యాయుడిగా ఉండి, ఆ తర్వాత సర్కస్ పెట్టాడు. ఛాతీ ఉబ్బించి ఉక్కు గొలుసులు తెంచడం, గుండెల మీద ఏనుగుని నిలబెట్టుకోవడం, పోతున్న కార్లను పట్టి ఆపడం ఆయన ప్రదర్శనలు. జనం కలియుగ భీముడన్నారు. 1942లో ఒరిస్సాలోని బలంగీరు ప్రాంతంలో కన్నుమూశాడు. 2022లో జిల్లాలు విడగొట్టినప్పుడు వీరఘట్టం పార్వతీపురం మన్యంలోకి పోయింది, ఆయన పేరు పెట్టుకున్న స్టేడియం శ్రీకాకుళంలోనే మిగిలింది. తాతకి ఆయన చూడని దేవుడు. "మా అయ్య సూసినాడట" అన్నాడు. అది నిజమో కాదో అడగాలనిపించలేదు.

సంగిడికి ఇప్పుడు కాస్త మర్యాద తిరిగొస్తోంది. 2025లో అరసవల్లి రథసప్తమిని రాష్ట్ర పండుగగా చేసినప్పుడు గ్రామీణ క్రీడల్లో దానికీ చోటిచ్చారు. కవిటి కుర్రాళ్ళ ధ్యాస మాత్రం వేరు. తెల్లారకముందే బీచి రోడ్డు మీద చేతిలో ఫోనుతో టైము చూసుకుంటూ పరుగులు తీస్తారు. ఆర్మీకైనా పోలీసుకైనా ముందు 1600 మీటర్లు పరుగెత్తాలి. ఇక్కడ ఆటంటే ఉద్యోగానికి దారి. తప్పు పట్టడానికి నేనెవర్ని?

తర్వాత రెండు రోజులు వానతో పోయాయి. ఆ తర్వాత, బరువులెత్తిన ఇంకో మనిషి ఊరు చూద్దామని ఆమదాలవలస వెళ్ళాను.

దాన్ని ఆనుకుని ఉన్న ఊసవానిపేటే వెయిట్‌లిఫ్టర్ కరణం మల్లీశ్వరి పెరిగిన ఊరు. తండ్రి రైల్వే పోలీసు కానిస్టేబులు, అక్కచెల్లెళ్ళందరూ బరువులు ఎత్తినవాళ్ళే. కోచ్ నీలంశెట్టి అప్పన్న దగ్గర పన్నెండేళ్ళ వయసులో మొదలుపెట్టింది. బక్కగా ఉంది, పనికిరాదని మొదట అన్నారట, తల్లి మాత్రం పట్టుబట్టిందట. 1994లోనూ 1995లోనూ 54 కిలోల విభాగంలో ప్రపంచ విజేత. 2000లో ఒలింపిక్స్‌లో మొట్టమొదటిసారి ఆడవాళ్ళ వెయిట్‌లిఫ్టింగ్ పెట్టినప్పుడు, సెప్టెంబరు 19న సిడ్నీలో, 69 కిలోల విభాగంలో స్నాచ్ 110, క్లీన్ అండ్ జెర్క్ 130, మొత్తం 240 కిలోలు ఎత్తి కాంస్యం తెచ్చింది. ఒలింపిక్ పతకం గెలిచిన మొదటి భారతీయ మహిళ. ఇంత చిన్న వీధిలోంచి ఇంత బరువు ఎలా లేచిందో అనుకుంటూ, ఇళ్ళ ముందు ఆరేసిన బట్టలు తప్పించుకుని నడిచాను.

ఆమదాలవలస టీకొట్టులో ఆ సిడ్నీ రోజు సంగతి ఎత్తితే చాలు, పావుగంటలో బల్ల నిండిపోయింది. మొదటి రెండు స్థానాల వాళ్ళు 242.5 దగ్గర ఆగారు. చివరి ఎత్తుకి ఆవిడ 137.5 అడిగింది, ఎత్తి ఉంటే బంగారమే. లేవలేదు. "135 అడిగినా సరిపోను గదా! లెక్క ఎవుడు సూసినాడో" అని ఒకాయన పాతికేళ్ళ తర్వాత కూడా గ్లాసు బల్ల మీద గట్టిగా పెట్టాడు. "అప్పటికి ఎవులెంత ఎత్తుతారో ఎవులికి తెలుస్తాది" అని ఇంకొకాయన. లుంగీ ఎగ్గట్టిన మరో పెద్దాయన లేచి, లేని బార్బెల్‌ని మోకాళ్ళ దగ్గర పట్టుకుని, ఎక్కడ తప్పిందో అందరికీ చూపించాడు. నా రైలు టైమై లేచేసరికి 135 వర్గానిదే పైచేయిగా ఉంది.