చిన్నదాని ఎత్తు కొలిచినాకే టికెట్టు

ఏమ్మా, ఎండాకాలం సెలవలకి సింగపూరు, మలేషియా, థాయ్‌లాండు మూడూ కలిపి వారం రోజుల ప్యాకేజీ మాట్లాడుకుంటాండారంట గదా? మీ ఆయన చెప్పినాడని మా ఆయన చెప్పినాడు. మీరిద్దరూ, బిడ్డలిద్దరూ, మీ అత్త. ఆ బట్టలు అట్లే గోడమీద ఉండనీలే, ఇప్పుడేం వాన రాదు. నా మాట రవంత విను.

పోవద్దని చెప్పను. బొమ్మల్లో చూసిన మినియన్లు ఎదురుగా వచ్చి చెయ్యి పట్టుకుంటే మీ పెద్దోడి మొహం ఎట్లా వెలుగుతాదో నాకూ తెలుసు. ఆ వయసు పోతే మళ్లీ రాదు. కానీ వారంలో మూడు దేశాలంటే ఆ బిడ్డలకి కనిపించేది బస్సు కిటికీ, ఏర్‌పోర్టు బెంచీ, రోజుకొక కొత్త మంచం. పెద్దోళ్లు ఓర్చుకుంటారు. మూడేళ్ల బిడ్డ ఎట్లా ఓర్చుకుంటాదమ్మా? ఒక్క ఊరు, ఒక్క పార్కు, నాలుగైదు రాత్రులు. అంతకు మించి పెట్టుకోవద్దు. ఇంట్లో అందరికన్నా చిన్నదెవరో, వాళ్ల ఎత్తూ నిద్రా ఆకలీ చూసుకొని మిగతాదంతా ప్లాన్ వెయ్యాల.

ఎత్తు ఎందుకంటావా? అదే ముందు చూడాల్సింది. సింగపూరులో సెంటోసా దీవిలో యూనివర్సల్ స్టూడియోస్ ఉండాది గదా, 2010లో తెరిచినారు. ఆడ ఎత్తు రూలుండే ప్రతి రైడు కాడా కొలబద్ద పెట్టుంటారు. ట్రాన్స్‌ఫార్మర్స్ ఎక్కాలంటే 102 సెంటీమీటర్లు ఉండాల. డైనోసార్ల నీళ్ల రైడుకి 107, మమ్మీ రైడుకి 122, పెద్ద రోలర్ కోస్టరుకి 125. ఒక్క సెంటీమీటరు తగ్గినా ఎక్కనీరు, బతిమాలినా వినరు. బిడ్డ క్షేమం కోసమే ఆ రూలు, తప్పు పట్టేదానికి లేదు. మూడేళ్ల బిడ్డలు ఇంచుమించు 95 సెంటీమీటర్లు ఉంటారు, ఆరేళ్లోళ్లు 115 అట్లా ఉంటారు. అంటే మీ పెద్దోడికి సగం దొరుకుతాయి, చిన్నదానికి అందేవి తక్కువ. లైనులో అంతసేపు నిలబడి, తీరా గేటు కాడ వెనక్కి పంపిస్తే ఆ ఏడుపు ఎవురు ఆపేది? అందుకని ఏజెంటుకి ఫోను చెయ్యకముందే టేపు పట్టుకొని ఇద్దర్నీ కొలువు. పార్కు వెబ్‌సైటులో ఏ రైడుకి ఎంత ఎత్తో రాసుంటారు. ఆ లిస్టు ముందు పెట్టుకొని, మనోళ్లు ఎక్కేవి ఎన్నో లెక్క చూసుకో.

చిన్నదే ముఖ్యమనుకుంటే హాంకాంగ్ డిస్నీల్యాండు మేలు. 2005లో తెరిచినారు, పార్కూ మరీ పెద్దది కాదు, ఎత్తుతో పనిలేని రైడ్లే ఎక్కువ. మూడేళ్లు నిండని బిడ్డకి టికెట్టే లేదు. యూనివర్సల్‌లో అయితే నాలుగేళ్లు నిండని బిడ్డకి టికెట్టు లేదు. ఇటుక బొమ్మలు పేర్చే బిడ్డలుంటే మలేషియాలో జొహోర్ కాడ లెగోల్యాండు ఉండాది, అది 2012 నుంచి నడస్తా ఉండాది. సింగపూరు నుంచి వంతెన దాటితే జొహోరే, కానీ మధ్యలో రెండు దేశాల ఇమిగ్రేషన్ లైన్లు. అందుకని ఒకే ట్రిప్పులో రెండూ అంటే నేను ఒప్పుకోను.

మీ చిన్నాయన కొడుకు దుబాయిలో ఉండాడంటావా? రాయచోటి, రాజంపేట నుంచి, మన పీలేరు వైపు నుంచి గల్ఫుకి పోయినోళ్లు ఎంతమంది! సొంతోళ్లు ఆడ ఉంటే పోవడం మంచిదే, బిడ్డలకి ఇంటి అన్నం దొరుకుతాది. ఎండాకాలం మాత్రం వద్దు, మన రేణిగుంట ఎండని మించి ఉంటాది. తప్పదంటే అబుదాబిలో యాస్ దీవి మీద వార్నర్ బ్రదర్స్ పార్కు ఉండాది, 2018లో తెరిచినారు, మొత్తం కప్పు కింద ఏసీలోనే. ఆ దీవి మీదే డిస్నీల్యాండు కూడా కడతామని 2025 మేలో ప్రకటించినారు. అది తెరిచేనాటికి మన బిడ్డలు ఎదిగే పోతారు, దానికోసం కాచుకోవద్దు.

ఎప్పుడు పోవాలనేది కూడా లెక్క చూసుకోవాల. మన బడులకి ఏప్రిల్ ఆఖర్లో సెలవలు ఇస్తారు, జూన్ 12 అట్లా తెరుస్తారు. సింగపూరు బడులకి మే ఆఖరి నుంచి జూన్ అంతా సెలవలు. ఆ రోజుల్లో ఆడ పార్కులు కిటకిటలాడతాయి. మే మొదటి వారంలో చైనావాళ్ల సెలవలు. కాబట్టి మన గంగమ్మ జాతర చూసుకొని, మే నెలాఖరు లోపల, శని ఆదివారాలు తప్పించి పార్కు రోజు పెట్టుకో. దసరా సెలవలకా? ఆ నెలలో ఆడ అక్టోబరు 1 నుంచి చైనా జాతీయ సెలవలు, ఈడ శ్రీవారి బ్రహ్మోత్సవాలు. మన ఇళ్ల నిండా చుట్టాలే, గడప దాటేదానికి ఎట్లా కుదురుతాది?

పాస్‌పోర్టుల సంగతి చెప్తా. తిరుపతిలోనే సేవా కేంద్రం ఉండాది, విజయవాడ పోబళ్లేదు. పెద్దోళ్లకి 1500 రూపాయలు, పదేళ్లు చెల్లుతాది. బిడ్డలకి అంతకన్నా తక్కువ, అయిదేళ్లే చెల్లుతాది. బిడ్డను వెంట తీసుకునే పోవాల. తల్లీ తండ్రీ ఇద్దరూ సంతకం పెట్టే అనెక్జర్ డి కాగితం ఉంటాది, అది మర్చిపోవద్దు. నాలుగేళ్లు నిండనోళ్ల ఫోటో మనమే తెల్ల వెనకతెరతో తీయించుకొని పోవాల. 2023 అక్టోబరు 1 నుంచి పుట్టిన బిడ్డలకి పుట్టినతేదీ రుజువుగా జనన ధ్రువపత్రం ఒక్కటే చెల్లుతాది. ఆ పత్రంలో బిడ్డ పేరు ఉండాదో లేదో చూడు. ఆసుపత్రి నుంచి వచ్చేటప్పటికి పేరు పెట్టం గదా, చానామందికి ఆ గడి ఖాళీగానే ఉంటాది. మున్సిపాలిటీలో పేరు చేర్పించుకున్నాకే స్లాటు బుక్ చెయ్యి.

మీ అత్త పేరు కూడా చూడమ్మా. మన పెద్దోళ్లకి ఆధార్‌లో ఒట్టి పేరే ఉంటాది, లేకపోతే ఇంటిపేరు ఒక పొడి అక్షరంగా ఉంటాది. పాస్‌పోర్టులో పొడి అక్షరాలు ఒప్పుకోరు, ఇంటిపేరు మొత్తం రాయాల. ఒకే పేరున్న పాస్‌పోర్టుతో విజిట్ వీసా మీద 2022 నుంచి దుబాయి వైపు రానియ్యడం లేదు. ఆధార్ సరిచేసుకునేదానికే వారాలు పట్టొచ్చు, ఈ పని ఇప్పుడే మొదలుపెట్టాల. పాత పాస్‌పోర్టుంటే, పోయేనాటికి ఇంకా ఆరు నెలలు చెల్లుబాటు ఉండాదో లేదో చూడు.

సింగపూరుకి వీసా కావాల. ఫీజు 30 సింగపూరు డాలర్లు, ఏజెంటు ఖర్చు దానిపైన. బిడ్డలకీ ఎవురిది వాళ్లకే. దిగే ముందు మూడు రోజుల్లోపల ఎస్‌జీ అరైవల్ కార్డు ఆన్‌లైన్‌లో నింపాల, అది ఉచితం. డబ్బులు అడిగే వెబ్‌సైటు కనిపిస్తే అది ప్రభుత్వానిది కాదు, మూసెయ్యి. మలేషియాకైతే 2023 డిసెంబరు 1 నుంచి మనకి వీసా అక్కర్లేదు, 2026 చివరి దాకా ఆ సడలింపు పొడిగించినారు.

ఇంక నిద్ర. రేణిగుంట నుంచి సింగపూరుకి విమానం లేదు గదా, చెన్నై పోవాల. పుత్తూరు, నగరి, తిరుత్తణి మీదుగా కారులో మూడున్నర నాలుగు గంటలు. చిత్తూరులో ఉండే మీ ఆడబిడ్డ వాళ్లయితే పలమనేరు, కోలారు మీదుగా బెంగుళూరు పోవచ్చు. చెన్నై నుంచి నాలుగు గంటల పైన విమానం. ఆడి టైము మనకన్నా రెండున్నర గంటలు ముందు. మన బిడ్డ ఈడ పొద్దున ఏడుకి లేస్తే ఆడ తొమ్మిదిన్నర. రాత్రి తొమ్మిదికి పడుకునే బిడ్డకి ఆడ పదకొండున్నర దాకా నిద్ర రాదు. దిగిన మర్నాడే పార్కు పెడితే బిడ్డ లేచేటప్పటికే సగం పొద్దు పోయుంటాది. మూడో రోజు పెట్టుకో. అప్పటికి వొళ్లు అలవాటు పడుంటాది.

లైన్ల గురించి తిరుపతోళ్లకి ఒకరు చెప్పాల్నా? సర్వదర్శనానికీ 300 రూపాయల టికెట్టుకీ ఎంత తేడానో, ఆడ మామూలు టికెట్టుకీ ఎక్స్‌ప్రెస్ పాసుకీ అంత తేడా. అది వేరేగా కొనాల, రద్దీ రోజున ధర పెరుగుతాది. వారం మధ్యలో పోతే అది లేకపోయినా గడుస్తాది. ఇంకొకటి చానామందికి తెలీదు. పెద్దోడు ఎక్కేదానికి చిన్నది సరిపోకపోతే, మీ ఆయన పెద్దోడితో ఎక్కి దిగినాక, నువ్వు మళ్లీ మొదటి నుంచి లైను నిలబడకుండా ఎక్కే ఏర్పాటు చాలా పార్కుల్లో ఉండాది. రైడు గేటు కాడ ఉండే మనిషిని అడగాల, అడిగితేనే చెప్తారు.

పార్కు తెరిచే టైముకి గేటు కాడ ఉండండి. మొదటి రెండు గంటల్లో పెద్దోడికి ఇష్టమైనవి అయిపోవాల. మధ్యాన్నం ఎండలో చిన్నదానికి స్ట్రోలర్‌లో కునుకు పడనీ, అది పార్కులోనే బాడుగకి ఇస్తారు. అప్పుడు మీ అత్తతో కూర్చొని షోలు చూడు. ఆడ వాన చెప్పకుండా వస్తాది, పిడుగులు పడేటట్టుంటే బయటి రైడ్లు ఆపేస్తారు. పలచటి రెయిన్‌కోట్లు సంచిలో ఉండాల. గరుడసేవ నాడు తిరుమలలో పోలీసోళ్లు బిడ్డల చేతికి ట్యాగులు కడతారు చూడు, అదే పని నువ్వు ఇంట్లోనే చెయ్యి. మీ ఫోను నంబరు ముందు దేశం కోడ్ రాసి ఇద్దరి చేతులకీ కట్టు. కారు బుక్ చేసుకునేటప్పుడు చిన్న మాట. సింగపూరులో 135 సెంటీమీటర్ల లోపు బిడ్డలకి కారులో చైల్డ్ సీటు తప్పనిసరి. టాక్సీలకి మినహాయింపు ఉండాది, యాప్‌లో పిలిచే ప్రైవేటు కార్లకి లేదు. ఎమ్మార్టీ రైలు ఎక్కి హార్బర్‌ఫ్రంట్‌లో దిగితే ఆడ నుంచి దీవిలోకి మోనోరైలు ఉండాది, అదే సులువు. రైల్లో మాత్రం బిస్కెట్టు కూడా తినిపించొద్దు, జరిమానా వేస్తారు.

తిండికి దిగులు పడొద్దు. హోటలు లిటిల్ ఇండియా చుట్టుపక్కల తీసుకుంటే సెరంగూన్ రోడ్డులో ఇడ్లీ, దోసె, పెరుగన్నం అన్నీ దొరుకుతాయి. కోమల విలాస్ 1947 నుంచి ఉండాది. ఆ రోడ్డులోనే శ్రీనివాస పెరుమాళ్ గుడి, 1855 నాటిది. మన వెంకన్నే ఆడ ఉండాడు. మీ అత్తకి పార్కుల్లో తిరిగే ఓపిక ఎట్లా ఉంటాదని నీ దిగులు గదా, ఆమెకి ఒక పొద్దున ఆ గుడి చూపించు. బిడ్డల కోసమే వచ్చినామని కాకుండా తనకోసం కూడా వచ్చినామని ఆమె మనసుకి తెలియాల. ఈడ నుంచి నిప్పట్లు, మురుకులు, బొరుగులు తీసుకుపో. మసాలా పొడి మాత్రం కట్టించుకోవద్దు. అందులో గసగసాలు పడితే కష్టం, సింగపూరులోనూ దుబాయిలోనూ గసగసాలు నిషేధం. ఒట్టి గసగసాలకే చెయ్యి పట్టుకొని పక్కన నిలబెడతారు. బిడ్డల జ్వరం మందు, ఓఆర్ఎస్ పొట్లాలు, డాక్టరు చీటీ చేతిసంచిలోనే పెట్టుకో.

దీనికంతటికీ ముందు ఒకసారి ఈడే పరీక్ష పెట్టి చూడు. వండర్‌లా వాళ్లు చెన్నై కాడ తిరుప్పోరూరులో 2025 డిసెంబరులో పార్కు తెరిచినారు. బెంగుళూరు పక్క బిడదిలోది 2005 నుంచే ఉండాది. ఒక ఆదివారం తీసుకుపో. చిన్నది ఎంతసేపు నడుస్తాది, చీకటి రైడు చూసి బెదరతాదా, పెద్దోడికి గిర్రున తిప్పితే కడుపులో తిప్పుతాదా, మీ అత్త ఎన్ని గంటలు కూర్చోగలుగుతాది, అన్నీ తెలిసిపోతాయి. చాలా ఖర్చుపెట్టి వేరే దేశంలో తెలుసుకోవడం కన్నా ఈడ తెలుసుకోవడం మేలు.

డబ్బుల మాట కూడా అనేస్తా, ఏమనుకోవద్దు. ప్యాకేజీ తీసుకుంటే పైన టీసీఎస్ అని పన్ను పట్టుకుంటారు. అది పోయినట్టు కాదు, మీ ఆయన రిటర్ను వేస్తే పన్నులో సర్దుబాటు అవుతాది, ఆ కాగితం భద్రం చెయ్యి. రెండేళ్లు దాటిన బిడ్డకి విమానంలో సీటు కొనాల్సిందే, అది ముందే లెక్కలో వేసుకో. అప్పు చేసి మాత్రం పోవద్దు. ఈ ఏడాది చేతిలో సరిపోకపోతే, లేదా చిన్నది ఆ కొలతకి రాకపోతే, ఒక ఏడాది ఆగండి. పాస్‌పోర్టు అయిదేళ్లు చెల్లుతాది, పార్కులూ యాడికీ పోవు, చిన్నది ఇంకొంచెం ఎదుగుతాది, తను చూసింది గుర్తూ పెట్టుకుంటాది. పోయేది బిడ్డల కోసమే గదా. అందుకని ఆ మూడు దేశాల ప్యాకేజీకి ఇంకా అడ్వాన్సు ఇవ్వకుంటే ఇవ్వొద్దని మీ ఆయనకి ఈ రాత్రే చెప్పు, రేపు పొద్దున మున్సిపల్ ఆఫీసుకి పోయి చిన్నదాని పత్రంలో పేరు లేకుంటే రాయించుకొని రా.