తొమ్మిదింటికి మూసే తలుపు

కార్తీకమాసం. ఆదివారం రాత్రి ఎనిమిదిన్నర. హాజీపూర్ చౌరస్తా దాటిన ఓ టెంపో ట్రావెలర్ మన్ననూరు ఘాటు వైపు పరుగెడుతోంది. లోపల పదిహేను మంది. టాపు మీద బియ్యం మూట, వంటగిన్నెలు, పరుపుచుట్టలు.

'అరగంటే ఉంది, కొంచెం తొక్కు తమ్ముడూ' ముందుసీట్లోంచి పెద్దాయన తొందర.

మన్ననూరు అటవీశాఖ చెక్‌పోస్టు తొమ్మిదింటికి మూసేస్తారు. ఆలోపు గేటు దాటితే సోమవారం తెల్లవారుజామునే మల్లన్న దర్శనం. దాటకపోతే పొద్దున ఆరింటిదాకా చలిలో పడిగాపులే! ఎంత తొక్కినా, లోడు లారీ వెనక పడి బండి గేటు చేరేసరికి తొమ్మిదీ అయిదు.

'ఇగ పొద్దుగాల ఆరింటికే సార్' అన్నాడు గేటు దగ్గరి మనిషి.

బండిలో అందరి మొహాలూ వాడిపోయాయి. డ్రైవరు మాత్రం హమ్మయ్య అనుకుంటూ స్టీరింగు మీంచి చేతులు తీశాడు. నిజానికి ఆ రాత్రి ఆ కుటుంబానికి జరిగిన మేలు అదే.

అడవిది రాత్రి షిఫ్టు

హైదరాబాద్ నుంచి శ్రీశైలానికి దాదాపు 215 కిలోమీటర్లు. కల్వకుర్తి, డిండి మీదుగా వచ్చే 765వ నంబరు జాతీయ రహదారి మన్ననూరు దగ్గర అడవిలో అడుగుపెడుతుంది. అక్కడి నుంచి ఫరహాబాద్, వటవర్లపల్లి, దోమలపెంట, ఈగలపెంట... అంతా అమ్రాబాద్ పులుల అభయారణ్యమే. ఒకప్పుడు మహబూబ్‌నగర్, నల్గొండ జిల్లాల కింద ఉన్న ఈ అడవి 1983లో ఏర్పడిన నాగార్జునసాగర్-శ్రీశైలం అభయారణ్యంలో భాగం. 2014లో రాష్ట్రం విడిపోయాక ఇటువైపు 2,600 చదరపు కిలోమీటర్లకు పైగా ఉన్న ప్రాంతం అమ్రాబాద్ పేరుతో వేరైంది. 2016 నుంచి అమ్రాబాద్ మండలం నాగర్‌కర్నూల్ జిల్లాలో ఉంది.

పగలు మనుషులు వాడుకునే ఈ రోడ్డు చీకటిపడితే జంతువులది. పులి, చిరుత, ఎలుగుబంటి, జింక, కణితి... అన్నీ నీళ్ల కోసం, మేత కోసం అటూఇటూ దాటేది అప్పుడే. హెడ్‌లైటు వెలుగు కళ్లలో పడితే జింక పారిపోదు, ఉన్నచోటే బిగుసుకుపోతుంది. కారయితే బ్రేకు వేసి ఆగుతుందేమో. టాపు నిండా సామానున్న బండిని ఒక్కసారిగా పక్కకు తిప్పితే పోయేది జింక ప్రాణం ఒక్కటే కాదు.

దిగేటప్పుడే అసలు పరీక్ష

మన్ననూరు దాటాక పీఠభూమి మీద రోడ్డు కొంత దూరం బుద్ధిగానే సాగుతుంది. ఈగలపెంట దాటాక కృష్ణమ్మ లోయలోకి మలుపులు తిరుగుతూ దిగాలి. డ్యాముకు దిగువనున్న వంతెన దాటి, లింగాలగట్టు నుంచి సున్నిపెంట మీదుగా మళ్లీ పైకెక్కాలి. బరువు బండికి ఎక్కడం కష్టమే కానీ ప్రమాదం తక్కువ. దిగడం సులువు, ప్రమాదం ఎక్కువ!

బ్రేకు మీద కాలు తియ్యకుండా దిగితే లైనర్లు వేడెక్కుతాయి. మాడువాసన వస్తుంది. ఆ తర్వాత పెడల్ ఎంత నొక్కినా బండి మాట వినదు. అందుకే ఎక్కిన గేరులోనే దిగాలంటారు పాతతరం డ్రైవర్లు. చిన్న గేరులో ఉంటే ఇంజినే బండిని పట్టి ఉంచుతుంది, బ్రేకుతో అవసరం తక్కువ. డీజిలు మిగులుతుందని న్యూట్రల్లో వదలడమంటే ప్రాణంతో చెలగాటమే. ఎదురుగా బండి ఎక్కుతూ వస్తుంటే దిగేవారే ఆగి దారివ్వాలి. అది మర్యాదే కాదు, నిబంధన కూడా.

టాపు మీది సామాను మరో చిక్కు. బరువు పైన ఉన్నకొద్దీ మలుపులో బండి బయటివైపు ఒరుగుతుంది. బియ్యం మూటల్లాంటివి సీట్ల కింద సర్దుకుంటే సగం భయం పోతుంది. ఇక పల్లెల నుంచి ట్రాక్టరు ట్రాలీలో జనాన్ని ఎక్కించుకుని బయల్దేరే వాళ్లుంటారు. చాలా ట్రాలీలకు సొంత బ్రేకులుండవు. దిగుడులో వెనకనున్న బరువంతా ట్రాక్టరును ముందుకు నెడుతుంది. ట్రాలీ ఒక పక్కకు తిరిగిందంటే ఇక ఎవరి చేతిలోనూ ఉండదు. మనుషులను ఎక్కించడానికి ట్రాలీకి అనుమతే లేదు. ఘాటుకైతే ఆ ఆలోచనే వద్దు.

నాలుగు ద్వారాలు... ఏది మేలు?

శ్రీశైలానికి నాలుగు ద్వారాలని పెద్దలు చెబుతారు. తూర్పున త్రిపురాంతకం, దక్షిణాన సిద్ధవటం, పడమట అలంపురం, ఉత్తరాన అచ్చంపేట దగ్గరి ఉమామహేశ్వరం. కాలినడక రోజుల్లో ఏ ఊరివాళ్లు ఆ ద్వారం నుంచి వెళ్లేవారు. ఇప్పటి రోడ్లూ దాదాపు వాటి పక్కనుంచే పోతాయి.

హైదరాబాద్ వాళ్లకు ఉమామహేశ్వరం దారి దగ్గర. పగలయితే చిన్న బండికి, అలవాటున్న డ్రైవరుకు ఇదే మేలు. పెద్ద బస్సు, కొత్త డ్రైవరు అయితే అలంపురం వైపు ఆలోచించవచ్చు. 44వ నంబరు రహదారి మీద కర్నూలు చేరి, రాత్రికి అక్కడే నిద్ర చేసి, పొద్దున నందికొట్కూరు, ఆత్మకూరు, దోర్నాల మీదుగా వెళ్లడం. దూరం నాలుగు వందల కిలోమీటర్లకు దగ్గరవుతుంది. కానీ మొదటిరోజంతా వెడల్పాటి రోడ్డు, అడవిలోకి వెళ్లేసరికి డ్రైవరు కళ్లలో నిద్రుండదు. గుంటూరు, నల్గొండ వైపు వాళ్లు ఎర్రగొండపాలెం మీదుగా దోర్నాల చేరతారు.

ఒక్కమాట. అటునుంచి వెళ్తే గేటు బాధ ఉండదనుకుంటే పొరపాటే. దోర్నాల వైపు అడవి దారులకూ రాత్రి తొమ్మిది నుంచి ఆరు దాకా తాళమే. దోర్నాల నుంచి శ్రీశైలానికీ ఘాటు మలుపులే. దారి మారితే అలసట తగ్గుతుందేమో కానీ, రాత్రి మాత్రం పగలు కాదు.

లెక్క వెనక నుంచి

అందుకే అనుభవజ్ఞులు ప్రయాణాన్ని వెనక నుంచి లెక్కేస్తారు. నవంబరు, డిసెంబరుల్లో పొద్దు ఆరింటిలోపే వాలుతుంది. మన్ననూరు నుంచి శ్రీశైలానికి నిండు బండికి రెండున్నర గంటలు. అంటే మధ్యాహ్నం మూడింటికల్లా గేటు దాటాలి. అది కుదరదనుకుంటే ఆ రోజుకి అచ్చంపేటలోనో మన్ననూరులోనో ఆగిపోవడమే. ఇంధనం అడవికి ముందే నింపుకోవాలి. లోపల చాలాచోట్ల ఫోను సిగ్నలు అందదు. వనభోజనాల సరదా అడవి బయటే తీర్చుకోవాలి. పొయ్యి నిప్పురవ్వ ఎండుగడ్డిలో పడితే ఆర్పడం ఎవరి తరం? కోతులకు అరటిపండ్లు విసరడం పుణ్యం కాదు. తిండి దొరుకుతుందని అవి రోడ్డుకు అలవాటుపడి చక్రాల కింద పడతాయి. రోడ్డు వెంట పెంటల్లో బతికే చెంచుల పిల్లలూ ఈ దారినే నడుస్తారు.

తెల్లారింది. ఆరింటికి గేటు లేచింది. రాత్రంతా ఆగిన బండ్లన్నీ హారన్లు మోగిస్తూ ఒక్కసారే దూకాయి. రోడ్డు మీద పొగమంచు ఇంకా వీడలేదు. పెద్దాయన ఈసారి 'తొక్కు' అనలేదు.

'టీ తాగుదాం తమ్ముడూ, సూర్యుణ్ని రానీ' అన్నాడు.

ఏడింటికి మంచు పలచబడ్డాక టెంపో నెమ్మదిగా కదిలింది. ఫరహాబాద్ దగ్గర రోడ్డు దాటుతున్న జింకల మంద కోసం ఆగింది కూడా. పది దాటకుండానే శ్రీశైలం చేరారు. మల్లన్న ఎక్కడికీ పోలేదు!