మడత సీటు

మా కరీంనగర్‌లోనూ, గోదావరి దాటితే ఆదిలాబాద్‌లోనూ మధ్యరకం సరుకుల బండిని ఎవరూ లారీ అనరు. డీసీఎం అంటారు. ఇల్లు మారితే సామాను డీసీఎంలో వస్తుంది. వడ్ల బస్తాలు డీసీఎంలో వెళతాయి. పేపరు వాళ్ళు కూడా "డీసీఎం బోల్తా" అనే రాస్తారు. ఆ మూడక్షరాలకు అర్థమేమిటని అడిగితే తోలేవాడికీ తెలియదు, ఎక్కించేవాడికీ తెలియదు. ఢిల్లీ క్లాత్ మిల్స్ అని ఒకసారి మా పాలమ్మికి చెప్పాను. ఆమె నన్ను ఎగాదిగా చూసి, "బట్టల మిల్లోళ్ళకు బండ్లతోని ఏం పనమ్మా?" అంది.

ఆ ప్రశ్న సబబైనదే. 1889లో బట్టల కోసం పుట్టిన మిల్లు అది. 1980లలో జపాను టయోటాతో వియ్యమంది డీసీఎం టయోటా అయింది, లారీలు తయారుచేసింది. 1990లలో టయోటా తప్పుకుని కొరియా దేవూ వచ్చింది, తర్వాత దేవూ కూడా పోయింది. మా నోళ్ళలో డీసీఎం మాత్రం మిగిలింది. ఇవాళ ఏ కంపెనీ బండి అయినా సరే, ఆ సైజుదయితే డీసీఎమ్మే.

అదే మనుషులెక్కే చిన్న బస్సయితే దాని పేరు మజ్దా. "పెండ్లికి ఎన్ని మజ్దాలు పెట్టిన్రు?" అని అడుగుతారు గానీ ఎన్ని బస్సులని అడగరు.

ఆ రోజుల్లో జపాను నుంచి మనదేశానికి నలుగురు అల్లుళ్ళొచ్చారు. టయోటా సంగతి చెప్పాను. మిత్సుబిషి, ఐషర్ వాళ్ళింట్లో మధ్యప్రదేశ్ పీథంపూర్‌లో దిగింది. మజ్దా, పంజాబ్ ట్రాక్టర్స్ వాళ్ళింట్లో దిగి స్వరాజ్ మజ్దా అనిపించుకుంది. నాలుగోది నిస్సాన్. అది మన ఇంటికే వచ్చింది. మన హైదరాబాద్ ఆల్విన్ వాళ్ళు జహీరాబాద్‌లో కార్ఖానా పెట్టి ఆల్విన్ నిస్సాన్ అన్నారు. ఆల్విన్ అంటే మనకు తెలియనిదేముంది! ఆల్విన్ ఫ్రిజ్జు, ఆల్విన్ బీరువా, ఆల్విన్ గడియారం... మా అమ్మ కాపురంలో సగం సామాను ఆల్విన్‌దే. ఊళ్ళో తిరిగే ఆర్టీసీ బస్సులకు ఒళ్ళు కట్టింది కూడా వాళ్ళే. ఇంత చేసినా ఆ సంబంధం నిలవలేదు. 1989లో జహీరాబాద్ కార్ఖానాను మహీంద్రా వాళ్ళు తీసుకున్నారు.

స్వరాజ్ మజ్దా కథ ఇంకా విచిత్రం. 2011లో ఇంటిపేరు మారి ఎస్.ఎం.ఎల్. ఇసుజు అయింది. 2025లో అదీ మహీంద్రా వాళ్ళ చేతికే వెళ్ళింది. పెళ్ళితో ఇంటిపేరు మారడం మనకు కొత్తకాదు. కానీ పుట్టింటివాళ్ళు మాత్రం మనల్ని పాత పేరుతోనే పిలుస్తారు చూడండి, అలా మా జిల్లాలవాళ్ళు దానిని ఇప్పటికీ మజ్దా అనే పిలుస్తున్నారు.

ఈ బస్సులకు జపానులో పెద్దింటి చుట్టాలున్నారు. వయసులో పెద్దది మిత్సుబిషి రోసా, 1960 నాటిది. టయోటా కోస్టర్ 1969లో వచ్చింది. నిస్సాన్ సివిలియన్ 1971లో వచ్చి 2021లో కన్నుమూసింది. మజ్దాకూ పార్క్‌వే అనే చిన్న బస్సుండేది. 1974లో దానికి రోటరీ ఇంజన్ పెట్టి ముచ్చట తీర్చుకున్నారు. ఆ ముచ్చట రెండేళ్ళ పైన నిలవలేదు. అన్నింట్లోకీ లోకం తిరిగింది మాత్రం కోస్టరే.

మొదటి తరం కోస్టర్‌కు పదమూడేళ్ళు గడిచాక 1982లో రెండో తరం వచ్చింది. 1993 నాటికి మూడో తరం. ఆ మూడో తరాన్ని ఇరవై నాలుగేళ్ళు కదపలేదు. 2017లో గానీ నాలుగోది రాలేదు. పాతవి పెట్టెలాగా మూలలు తేరి ఉండేవి. తర్వాతవి గుండ్రబడ్డాయి. నాలుగోది మళ్ళీ చదరంగా, ఎత్తుగా, బోల్తాపడినా పైకప్పు నలగకుండా గట్టిచేసి వచ్చింది. ఎన్ని తరాలు మారినా ఒడ్డూ పొడుగూ మాత్రం దాదాపు అంతే. పొడుగుదయితే ఏడు మీటర్లు, వెడల్పు రెండు మీటర్ల పైచిలుకు. మా ఇంటి వసారా కూడా సరిగ్గా అంతే ఉంటుంది.

ఆ వసారాలో జపాను వాళ్ళు డ్రైవరుతో కలిపి ఇరవై తొమ్మిది మందిని కూర్చోబెడతారు. ముప్పయ్యో మనిషి ఎక్కితే డ్రైవరుకు పెద్ద బస్సు లైసెన్సు కావాలట. అందుకని నడవను కూడా వదల్లేదు. పక్క సీటుకు అతుక్కుని ఒక చిన్న మడత సీటు ఉంటుంది. అందరూ ఎక్కాక దాన్ని దించి నడవలో వేస్తారు. వెనకవాళ్ళు దిగాలంటే ఆ సీట్లో మనిషి లేవాలి, సీటు మడవాలి, పక్కకు ఒదగాలి. వీపు ఆనుతుంది గానీ తల ఆనదు. దానిమీద కూర్చున్నవాళ్ళు కిటికీకీ చెందరు, నడవకూ చెందరు.

ప్రపంచంలో ఈ బస్సు ఎక్కడెక్కడ తిరుగుతోందో చదువుతూ పోతే నాకొకటి తోచింది. బస్సు ఒళ్ళు ఎక్కడికి వెళ్ళినా అదే. మారేది లోపలి సీట్లు. చైనాలో పెద్ద నాయకులు ఊళ్ళ మీదికి వెళితే కార్ల దండు బదులు కోస్టర్ ఎక్కుతారు. అందులో మడత సీట్లుండవు, చేతులు చాచుకు కూర్చునే కుర్చీలుంటాయి. అదే బస్సు జపానులో శిశువిహారానికి వెళితే బుల్లి బెంచీలు పడతాయి, ముప్పై మందికి పైగా పిల్లలు పడతారు. ఆస్ట్రేలియాలో రిటైరైన మొగుడూ పెళ్ళాలు పాత కోస్టర్ కొనుక్కుని, సీట్లన్నీ పీకేసి, మంచం, పొయ్యి, సింకు పెట్టుకుని దేశం తిరుగుతారు. (ఈ సంగతి మావారికి చెప్పాను. "సింకు ఎవరు తోముతారు?" అన్నారు. అక్కడితో మా దేశాటన ముగిసింది.)

హాంగ్‌కాంగ్‌లో అది ఊరి బస్సు. 1988 నుంచి పదహారు సీట్లు, 2017లో పంతొమ్మిది చేశారు. నిలబడి వెళ్ళడం అక్కడ చట్టం ఒప్పుకోదు. సీటు లేదంటే వెనక బస్సుకు ఆగాల్సిందే. పాకిస్తాన్‌లో చిన్న బస్సంటేనే కోస్టర్. పెరూ దేశంలో లీమా నగరం వాళ్ళు దాన్నే కుస్టెర్ అని తమ నాలుకకు తిప్పుకున్నారు. ఏ కంపెనీదైనా ఆ సైజుదయితే కుస్టెరే. మా డీసీఎం లాంటివాళ్ళు భూమికి ఆ చివరనా ఉన్నారని తెలిసి నాకెందుకో సంతోషమైంది.

ఇక మా పెళ్ళిళ్ళ మజ్దా సంగతి. జగిత్యాల నుంచి మంచిర్యాలకు పెళ్ళికి వెళ్ళాలనుకోండి. ముందు వరసలు పెద్దవాళ్ళవి. డ్రైవరు పక్కన మేనమామ. కిటికీలు ఆడబిడ్డలవి, వాంతులయ్యే పిల్లలవి. వెనక చివరి బెంచి కుర్రకారుది. ఇక మిగిలిన నడవలో ప్లాస్టిక్ స్టూళ్ళు వేస్తారు. జపాను వాడి మడత సీటుకు మనవాళ్ళు కనిపెట్టిన బదులు అది. ఆ స్టూళ్ళ మీద ఎవరు కూర్చోవాలో ఎవరూ చెప్పరు, కాగితం మీద రాసి ఉండదు. కానీ చూడండి, ఏ పెళ్ళికి వెళ్ళినా ఆ స్టూళ్ళ మీద కూర్చునేది మొగుడు పోయిన పెద్దమ్మ, చిన్న కోడలు, లేకపోతే మొగుడు దుబాయిలో ఉన్న మనిషి.

మా వైపు ఒక మాటుంది. బొగ్గుబాయి, బొంబాయి, దుబాయి. మగవాడికి బతుకుతెరువు ఈ మూడు బాయిల్లో ఒకటి. బెల్లంపల్లి, గోదావరిఖని బొగ్గుబావుల్లో కొలువు దొరికితే అదృష్టం, సాయంత్రానికి ఇంటికొస్తాడు. బొంబాయి వెళితే పండక్కి వస్తాడు. దుబాయి వెళితే రెండేళ్ళకు. 2016లో జిల్లాలను ముక్కలు చేశాక కరీంనగర్‌లోంచి జగిత్యాల, సిరిసిల్ల వేరయ్యాయి. ఆదిలాబాద్‌లోంచి నిర్మల్, మంచిర్యాల వేరయ్యాయి. బాయిలు మాత్రం మూడే.

మా చిన్నమ్మ కొడుకు ఆ మూడో బాయికి వెళ్ళాడు. దుబాయి సోనాపూర్‌లో క్యాంపు. సోనాపూర్ అంటే బంగారు ఊరు. పేరు పెట్టినవాడికి హాస్యం పాలు ఎక్కువేమో. పెద్ద కంపెనీల పనివాళ్ళను మన టాటా, లేలాండ్ పెద్ద బస్సులే మోస్తాయట. మా తమ్ముడి కంపెనీ చిన్నది, దానికి కోస్టర్ ఉంది. వాట్సాపులో ఒకసారి వాడికి చెప్పాను, నేను ఆ బస్సుల గురించి రాస్తున్నానని. వాడు పడీపడీ నవ్వాడు.

"దాని గురించి ఏం రాస్తవక్కా? పొద్దుగాల నాలుగున్నరకు ఎక్కుతం, సైటు దాంక నిద్ర పోతం. మల్ల రాత్రికి ఎక్కుతం, క్యాంపు దాంక నిద్ర పోతం. అది బస్సు కాదు, మాకు మంచం."

"సీట్లు బాగుంటాయా?"

"మంచిగనే ఉంటయి. నడుమ మడతపెట్టే సీటు మాత్రం కొత్తగ వచ్చినోనికే. తల ఆనది, నిద్ర రాదు. మొదటి రెండేండ్లు నాకదే. ఇప్పుడు కిటికీ కాడికొచ్చిన."

పదకొండేళ్ళకు కిటికీ దగ్గరికొచ్చాడు. ఆ గొంతులో ఉద్యోగంలో ప్రమోషన్ వచ్చినవాడి గర్వముంది. నాకు మాత్రం నోట మాట రాలేదు.

ఎందుకంటే ఇక్కడ వాడి భార్య, మా మరదలు, ఆ పదకొండేళ్ళూ మజ్దాలో స్టూలు మీదే ఉంది. పెళ్ళయిన మూడో నెలలో వాడు విమానమెక్కాడు. సెలవులన్నీ కూడితే వాళ్ళిద్దరూ కలిసి ఉన్నది ఏడాదికి అటూ ఇటూ. ఏ పెళ్ళికి వెళ్ళినా, "నువ్వు ఒక్కదానివే గదా, జర సర్దుకో బిడ్డా" అంటారు. అనేవాళ్ళు చెడ్డవాళ్ళు కాదు. ఆవిడ కూడా నవ్వుతూనే సర్దుకుంటుంది. ఒడిలో కూతురు, కాళ్ళ దగ్గర సంచి. బ్రేకు వేసినప్పుడల్లా ముందున్న సీటు పట్టుకోవాలి. ఇంటి పన్ను, మామగారి మందులు, పిల్ల ఫీజు, చిట్టీ, ఏజెంటు అప్పు తీర్చిన లెక్క అన్నీ ఆవిడ చేతిలోనే ఉన్నాయి. ఊళ్ళో ఇల్లు కట్టించింది కూడా ఆవిడే, మేస్త్రీతో పోట్లాడి మరీ. అంత మనిషికి బస్సులో వీపు ఆనించుకునే చోటు లేదు. వాడి డబ్బుతో బస్సు మాట్లాడిన పెళ్ళికి కూడా అదే స్టూలు! ఇది నేను ఒకరిద్దరితో అంటే, "నీకన్నీ నవలలే" అని కొట్టిపారేశారు.

ధర్మపురి దాటాక రాయపట్నం వంతెన వస్తుంది. ఇటు కరీంనగర్, అటు ఆదిలాబాద్, నడుమ గోదావరి. వంతెన మీద బస్సు నెమ్మదిస్తుంది, అందరూ నాణేలు తీస్తారు. కిటికీ దగ్గరున్నవాళ్ళు తామే వేస్తారు. స్టూలు మీదవాళ్ళు మాత్రం, "నాదొక్కటి వెయ్యి వదినె" అని చెయ్యి చాపి ఇవ్వాలి. మా మరదలు రూపాయి ఎన్నోసార్లు నా చేతిమీదుగానే నీళ్ళలో పడింది. ఏం మొక్కుకుందో నేను అడగలేదు. అడగాల్సిన పనీ లేదు.

మొన్న వేసవిలో వాడు నలభై రోజుల సెలవు మీద వచ్చాడు. మంచిర్యాలలో బంధువుల ఇంట గృహప్రవేశం, మళ్ళీ మజ్దా. గల్ఫు నుంచి వచ్చినవాడికి మర్యాదలు ఎక్కువ కదా, మేనమామ లేచి ముందు సీటు ఇవ్వబోయాడు. వాడు, "వద్దు మామా, నువ్వు కూసో" అంటూ లోపలికొచ్చాడు. భార్యను కిటికీ దగ్గర కూర్చోబెట్టాడు, పక్కన కూతురు. తాను స్టూలు లాక్కుని నడవలో కూర్చున్నాడు. మా చిన్నమ్మకు కొంచెం చిన్నతనమనిపించింది. "ఏందిరా, పనోని లెక్క నడుమ కూసున్నవ్?" అంది. "నాకు అలవాటేనే అవ్వా" అన్నాడు వాడు.

మరదలికి కిటికీ ఎటు జరపాలో తెలియలేదు. అద్దం బిగిసి ఉంది. వాడు స్టూలు మీంచి వంగి, పిల్ల మీదుగా చెయ్యి చాచి తీశాడు. గాలికి ఆవిడ కొంగు ఎగిరి వెనక సీటు ఆవిడ మొహాన కొట్టింది. ఆవిడేదో గొణిగింది. రాయపట్నం వంతెన రాగానే ఆవిడ రూపాయి తీసి, కళ్ళకద్దుకుని గట్టిగా విసిరింది. అలవాటు లేని చెయ్యి కదా, నాణెం వంతెన గోడకు తగిలి టంగుమని రోడ్డు మీదే పడింది. బస్సంతా నవ్వారు. ఆవిడ నవ్వుతూనే కూతురు చేతిలోంచి ఇంకొకటి గుంజుకుంది.