కొల్లూరులో రాళ్ళు

మా హాస్టల్‌లో కోహినూర్ టాపిక్ వస్తే అందరూ లండన్ గురించే మాట్లాడతారు. తిరిగి ఇవ్వాలా వద్దా అని గంటసేపు డిబేట్. అది పుట్టిందని చెప్పుకునే కొల్లూరు సత్తెనపల్లి దగ్గర మా అమ్మమ్మ వాళ్ళ ఊరి నుంచి బండి మీద గంట దూరం అంటే ఎవడూ నమ్మడు. చూపిద్దామన్నా ఊరు లేదు. పులిచింతల ప్రాజెక్టులో మునిగిపోయింది.

మొన్న ఎండాకాలం నీళ్ళు బాగా తగ్గాయంటే మావయ్యా నేనూ వెళ్ళాం. దారి పొడుగునా పత్తి మోళ్ళు పీకేసిన చేలు, మిర్చి కల్లాలు. రిజర్వాయర్ అంచున బురద ఎండి నెర్రెలిచ్చింది. ఆ నెర్రెల మధ్య జనం. అందరూ తల వంచుకుని నేలకేసే చూస్తున్నారు, అచ్చం మనం ఫోన్ చూసినట్టే.

కర్నూలు వైపు నుంచి వచ్చిన ఒకామెతో మాట్లాడాను. తొలకరి పడితే జొన్నగిరి, తుగ్గలి చేలల్లో వెతుకుతారట. వాన పైమట్టిని కడిగేస్తుంది కాబట్టి రాళ్ళు బయటపడతాయి. ఇక్కడ నీళ్ళు తగ్గాయని తెలిసి ఇటొచ్చారు. "పైన కనబడింది ఏరుకుంటాం నాయనా, తవ్వం" అంది. పక్కన గడ్డపార ఉంది. దాని గురించి నేనేమీ అడగలేదు.

ఇంకో గుంపు కారులో వచ్చింది. వాళ్ళ దగ్గర మెటల్ డిటెక్టర్ ఉంది. వజ్రం కార్బన్ కదా బాబూ, మెటల్ కాదు!

ఆ నేల భూసేకరణలో ప్రభుత్వం తీసుకున్నది. లైసెన్స్ లేకుండా ఎక్కడా ఖనిజాల కోసం తవ్వకూడదని 1957 నాటి గనుల చట్టం చెప్తుంది. నల్లమల అభయారణ్యంలో అయితే, 1972 వన్యప్రాణి చట్టం ప్రకారం అనుమతి లేకుండా లోపలికి పోవడమే కుదరదు. చట్టం దృష్టిలో ఆమె గడ్డపార, వీళ్ళ డిటెక్టర్ ఒకటే. నాకు మాత్రం ఒకటి అనిపించలేదు. ఆమె కూలి వదులుకుని వచ్చింది, వాళ్ళు వీకెండ్‌కి వచ్చారు.

17వ శతాబ్దంలో ఇక్కడికి వచ్చిన ఫ్రెంచ్ వ్యాపారి టావెర్నియర్ ఈ చోటుని స్థానిక భాషలో 'గని' అంటారని రాసుకున్నాడు. అది చదివి తెగ నవ్వుకున్నాను. ఎవర్నో అడిగితే "గని" అని చెప్పుంటారు, ఆయన ఊరి పేరనుకుని ఉంటాడు. 60,000 మంది పనిచేసేవాళ్ళన్నాడు. మగవాళ్ళు తవ్వితే ఆడవాళ్ళు, పిల్లలు మట్టి మోసేవాళ్ళు. ఆ మట్టిని నీళ్ళతో కడిగి, ఎండబెట్టి, వడ్లు తూర్పారబట్టినట్టు బుట్టలతో తూర్పారబట్టేవాళ్ళు. మొదటి రాయి చిరుధాన్యం విత్తడానికి నేల తవ్వుకుంటున్న ఒక పేదవాడికి దొరికిందట. 25 క్యారెట్లది. ఆ పేదవాడి పేరు మాత్రం ఎక్కడా లేదు. టావెర్నియర్ కొన్న నీలం రాయిని మళ్ళీ మళ్ళీ సానబట్టగా మిగిలిందే వాషింగ్టన్ మ్యూజియంలో ఉన్న హోప్ డైమండ్. అదీ ఇక్కడిదేనంటారు.

అక్కడే ఒక పెద్దాయన కనిపించాడు. రాళ్ళు వెతకడం లేదు, ఊరికే నిలబడి ఉన్నాడు. కొల్లూరాయనే, ఇప్పుడు పునరావాస కాలనీలో ఉంటున్నాడు. "అదిగో, ఆ మొండిగోడ పక్కనే మా అరుగు" అని చూపించాడు. అరుగు పక్కన ఎవరో మోకాల్లోతు గుంట తీసి పెట్టారు. "మేం ఉన్నన్నాళ్ళూ ఇట్టా ఇంటి ముందు గుంట తవ్వితే ఊరుకునేవాళ్ళమా?" అన్నాడు. కోపంగా ఏం కాదు, మామూలుగానే.

టూరిస్టులా వెళ్ళినవాళ్ళకి అక్కడ గుంట తీసే హక్కు లేదని నా అభిప్రాయం. అది చట్టం చూసి చెప్తున్న మాట కాదు.

నా జేబులో రెండు తెల్లరాళ్ళున్నాయి. ఆయన చూసి "పలుగురాళ్ళు, మా పిల్లలు వీటితో అచ్చంగాయలు ఆడేవాళ్ళు" అన్నాడు. తర్వాత అరుగు ఫోటో తీసి వాళ్ళ అమ్మాయి నంబర్‌కి పంపమన్నాడు. తీసి చూపించాను. వెనకాల తలలు వంచుకున్న జనం పడ్డారు.

"వాళ్ళు లేకుండా తియ్యి" అన్నాడు.

వాళ్ళు పక్కకి జరిగేదాకా ఇద్దరం ఎండలో నిలబడ్డాం.