పెళ్లికూతురికి చామనఛాయ

సంక్రాంతికి బొమ్మల కొలువు పెట్టే ఇళ్లలో ఒకసారి గమనించండి. పెళ్లికూతురు, కూరలమ్మే ఆవిడ, వెన్న చిలికే గొల్లభామ, అందరిదీ ఒకటే గులాబీ రంగు! రాముడికీ కృష్ణుడికీ మాత్రం నీలం. అదైనా నలుపుకి మనం పెట్టుకున్న ముద్దుపేరేననిపిస్తుంది నాకు. ద్రౌపదికి కృష్ణ అని పేరొచ్చింది నల్లని మేని వల్లే కదా.

మా అమ్మ ఇచ్చిన మట్టిబొమ్మల రంగు పెచ్చులూడుతుంటే ఈసారి నేనే వేయడానికి కూర్చున్నా. మా రెండో అమ్మాయి చామనఛాయ. కిందటేడు పెళ్లిచూపులకొచ్చినవాళ్లు కాఫీలు తాగి వెళ్లి, "పిల్ల కాస్త రంగు తక్కువ" అని కబురు పెట్టారు. అది పైకేమీ అనలేదుగానీ, ఆనాటి నుంచీ ఫొటో అంటే పక్కకి తప్పుకుంటోంది. అందుకే పెళ్లికూతురి బొమ్మకి దాని రంగే వేయాలనుకున్నా.

'స్కిన్' అని రాసున్న డబ్బా తెరిస్తే లేత గులాబీయే. పక్కన పెట్టేశా. ఎల్లో ఆకర్, బర్ంట్ సియన్నా కలిపి, ఒక చుక్క ఎరుపు వేశా. ముదురు కావాలంటే నలుపు వద్దు, మసిబారినట్టుంటుంది. బర్ంట్ అంబర్, ఆవగింజంత నీలం చాలు. తెలుపు ఎక్కువైతే సున్నం కొట్టినట్టే. కాగితం మీద రాసి, ఆరాక, దాని ముంజేతి పక్కన పెట్టి పగటి వెలుతురులో చూశా. ఆక్రిలిక్ రంగు ఆరితే ఒక పిసరు ముదురుతుంది మరి.

కాల్చని మట్టిబొమ్మల్ని కడక్కండి, కరిగిపోతాయి. పొడిబ్రష్షుతో దులిపితే చాలు. రంగు పాలలా పలచగా రెండు మూడు పూతలు వేయాలి, చిక్కగా వేస్తే కళ్లూ ముక్కూ పూడిపోతాయి. జానెడు బొమ్మ మీద నీడలు సరిగ్గా పడవు, మనమే వేయాలి. మెడకిందా ముక్కుపక్కలా ముదురు, బుగ్గల మీద కాస్త పసుపు కలిపిన లేత. అరచేతులు ఒంటికన్నా తెలుపు. పెదాలకి గులాబీ నప్పదు, ఇటుకరంగు కావాలి. ఈ మాట మా అమ్మాయే అద్దంలో చూసుకుని చెప్పింది. అంతసేపు అద్దం ముందు నిలబడి ఎన్నాళ్లయిందో!

పేరంటంలో ఒకావిడ, "పెళ్లికూతుర్ని ఇంత నల్లగా వేశారేం వదినా?" అంది. నేను నోరు తెరిచేలోపే మా పిల్ల, "అది నేనే అత్తయ్యగారూ" అంటూ శనగలు చేతిలో పెట్టింది.

సన్నాయివాళ్లు, పురోహితుడు ఇంకా పాతరంగుల్లోనే ఉన్నారు. పురోహితుడికి తన రంగు వేయమని మావారు ఒకటే పోరు.