ఎత్తిన పిడికిలి

2012లో అమెరికాలో మా అమ్మాయి ఇంటికి పోయినప్పుడు, ఒకరోజు న్యూజెర్సీ నుంచి న్యూయార్క్‌కు బస్సులో వెళ్ళాం. పోర్ట్ అథారిటీ బస్టాండు బయట ఒక కంచు విగ్రహం కనబడింది. దేశనాయకుడిది కాదు, సేనాపతిదీ కాదు. డ్రైవరు యూనిఫారంలో ఉన్న లావుపాటి మనిషి, చేతిలో అన్నం డబ్బా. హోసూరులో బస్సు డ్రైవరుకు పుట్టినవాణ్ణి నేను. అక్కణ్ణించి కాలు కదల్లేదు.

"రాల్ఫ్ క్రామ్‌డెన్. నిజం మనిషి కాదు మామయ్యా, టీవీలో మనిషి" అన్నాడు అల్లుడు. 2000లో పెట్టారట. ఆ రాత్రే నన్ను 'ది హనీమూనర్స్' ముందు కూర్చోబెట్టాడు.

1951లో ఒక హాస్య కార్యక్రమం మధ్యలో చిన్న నాటికగా పుట్టిందది. 1955-56లో సీబీఎస్‌లో అరగంట చొప్పున 39 భాగాలు వచ్చాయి. ఆ 39నే దశాబ్దాల తరబడి మళ్ళీ మళ్ళీ వేసుకున్నారు. కథంతా దాదాపు ఒక్క గదిలోనే. మేజా, పొయ్యి, ఐసుపెట్టె, కిటికీ. రాల్ఫ్‌గా వేసిన జాకీ గ్లీసన్ తాను పెరిగిన బ్రూక్లిన్ చౌన్సీ వీధి పేరే ఆ ఇంటికీ పెట్టుకున్నాడు. వారానికి 62 డాలర్ల జీతం. పై అంతస్తులో మురుగుకాలువల్లో పనిచేసే స్నేహితుడు నార్టన్. ఇద్దరూ కలిసి లక్షాధికారులం అవుదామని ఏదో ఎత్తు వేస్తారు, అది బోర్లాపడుతుంది.

భార్య ఆలిస్‌గా ఆడ్రీ మెడోస్. మరీ అందంగా ఉందని గ్లీసన్ మొదట వద్దన్నాడట. పొద్దున్నే నిద్రలేచిన ముఖంతో, చెదిరిన జుట్టుతో ఫొటోలు తీయించి పంపిందట ఆమె. అవి చూసి, ఎవరో తెలియకనే ఈమే కావాలన్నాడట.

రాల్ఫ్‌కు కోపమొస్తే పిడికిలి ఎత్తుతాడు. గుద్దితే చంద్రమండలంలో పడతావంటాడు. ఆలిస్ చేతులు కట్టుకుని కదలకుండా నిలబడి ఒక్క మాట అంటుంది. జనం విరగబడి నవ్వుతారు. పిడికిలి దిగిపోతుంది. ఎన్నడూ కొట్టడు. చివర్లో తప్పు ఒప్పుకుని కౌగిలించుకుంటాడు.

మొదటి రెండు రాత్రులూ నాకు నవ్వు రాలేదు. మా నాయన పిడికిలి గాల్లో ఆగేది కాదు. అట్లని చెడ్డవాడని అనలేను. జీతం రోజు మల్లెపూలు తెచ్చేవాడు, మమ్మల్ని బస్సులో ముందు సీట్లో కూర్చోబెట్టుకునేవాడు. ఆ చేతులే ఈ చేతులు. రాల్ఫ్ ఇంట్లో పిల్లలు లేరన్న సంగతి మూడో రాత్రి తట్టింది నాకు. తలుపు వెనక చెల్లెలి చెవులు మూసి నిలబడేవాడు ఆ ఇంట్లో లేడు. అందుకే అంతమంది నవ్వగలిగారేమో. ఆ మూడో రాత్రే నేనూ నవ్వేశాను. వెంటనే సిగ్గేసింది.

తిరిగొచ్చేటప్పుడు అల్లుడు డీవీడీలు ఇచ్చాడు. నాయన అప్పటికే పోయాడు. హోసూరులో అమ్మకు ఒక భాగం వేసి చూపించాను. అమ్మకు ఇంగ్లీషు ముక్క రాదు, మాట మాటా తెలుగులో చెబుతూ పోయాను. రాల్ఫ్ పిడికిలి ఎత్తాడు. ఆలిస్ కదల్లేదు. అమ్మ నవ్వలేదు. ముందుకు వంగి ఆలిస్‌నే చూస్తోంది.

"ఆయమ్మకు అమ్మ ఉండాదా?" అంది.

"ఉండాదమ్మా. అప్పుడప్పుడూ వస్తుంది. అత్త అంటే వీడికి మంట."

"అదీ! పోయేదానికి ఒక ఇల్లుండాది కదా, నిలబడుకోదా మరి" అంది అమ్మ.

అమ్మమ్మ పోయినప్పుడు అమ్మకు తొమ్మిదేళ్ళు. ఇంకొకటి పెట్టమంటావా అని అడిగాను. పెట్టమంది.