బొమ్మలకు రంగులున్నాయి... బరువేదీ?

ముందే ఒక మాట చెప్పేస్తాను. జపాన్ అనిమే సీరియళ్ళంటే గిట్టనివాడు రాస్తున్న వ్యాసం కాదిది. సెలవురోజొస్తే తిండీ తిప్పలూ మానేసి పన్నెండు ఎపిసోడ్లు ఏకబిగిన చూసే బాపతు నేను. "ఇంత వయసొచ్చీ బొమ్మల సినిమాలేమిట్రా!" అని నాన్న ఫోన్లో తిడుతూనే వుంటారు. "పెళ్ళయ్యాక కూడా ఇవే చూస్తావా?" అని అమ్మ బెంగ. ఇన్ని తిట్లు తిని మరీ చూస్తున్నవాణ్ణి గనక ఒక్క ప్రశ్న అడిగే హక్కు నాకుందనుకుంటాను. వానచినుకునీ, గాలికి ఊగే గడ్డిపోచనీ ప్రాణం పెట్టి గీసే ఈ మహానుభావులు, కథలోని మనిషిని మాత్రం ఎందుకిలా నడిరోడ్డు మీద వదిలేస్తున్నారు?

జపాన్ వాళ్ళ గొడవ మనకెందుకండీ అంటారా? రోజులు మారాయి. 'డీమన్ స్లేయర్: ఇన్ఫినిటీ కాజిల్' 2025 సెప్టెంబరు 12న మన థియేటర్లలో తెలుగు మాటలతో కూడా దిగింది. 'సోలో లెవలింగ్' హీరో మన ఇళ్ళలో తెలుగులోనే మాట్లాడుతున్నాడు. మన భాషలోకి వచ్చాక మెచ్చుకోవడమూ మన పనే, నిలదీయడమూ మన పనే.

అన్నట్టు, కథలు ముందే చెప్పేస్తున్నానని కోప్పడకండి. కథ చెప్పకుండా కథలో లోపం చూపించే విద్య నాకింకా పట్టుబడలేదు!

బొమ్మలు తక్కువ... ప్రాణం ఎక్కువ

1963 జనవరి 1న జపాన్ టెలివిజన్‌లో 'ఆస్ట్రో బాయ్' మొదలయింది. సృష్టికర్త ఒసాము తెజుకా. ప్రతి వారం అరగంట కార్యక్రమం ఇవ్వాలి. డబ్బు లేదు, మనుషులు లేరు. అందుకని ఆయన బొమ్మల సంఖ్య తగ్గించేశాడు. గీసిన బొమ్మే మళ్ళీ వాడాడు. మొహం కదలదు, నోరొక్కటే కదులుతుంది. ఇప్పటి పిల్లలకి చూపిస్తే "ఇదేం బొమ్మ!" అని నవ్వుతారు.

మరి కథ? కొడుకుని ప్రమాదంలో పోగొట్టుకున్న ఒక శాస్త్రవేత్త అచ్చం ఆ పిల్లవాడిలాంటి మరమనిషిని తయారుచేస్తాడు. కొన్నాళ్ళకి వీడు ఎదగడం లేదని గమనిస్తాడు. కొడుకైతే ఎదగాలి కదా! ఆ కోపంతో వాణ్ణి సర్కసుకి అమ్మేస్తాడు.

చూశారా! రెండు ముక్కల్లో చెప్పినా గుండె కలుక్కుమంటుంది. కన్నతండ్రిలాంటివాడే అమ్మేశాక ఆ పిల్లవాడు మనుషుల కోసం ఎందుకు పోరాడాలి? ఈ ప్రశ్న వున్నంత కాలం వాడి నోరొక్కటే కదిలినా సరే, మన మనసు కదులుతుంది.

నా కొలబద్ద ఇదే. పాత్రకి కష్టం రావడం గొప్ప కాదు. కష్టం ప్రతి సినిమాలోనూ వస్తుంది. ఆ కష్టానికి పాత్ర ఏదో ఒక ధర చెల్లించాలి. చెల్లించాక ఆ మనిషి వెనకటిలా వుండకూడదు.

ఈ లెక్క తెలిసిన సీరియల్ కావాలంటే 'ఫుల్‌మెటల్ ఆల్కెమిస్ట్: బ్రదర్‌హుడ్' చూడండి. 2009-10లో 64 ఎపిసోడ్లుగా వచ్చింది. చచ్చిపోయిన అమ్మని బతికించుకోబోయి, అన్న ఒక కాలూ ఒక చెయ్యీ, తమ్ముడు మొత్తం శరీరం పోగొట్టుకుంటారు. ఏది కావాలన్నా దానికి సమానమైనది ఇవ్వాలన్నది ఆ లోకం ధర్మం. నాలుగో ఎపిసోడులో నీనా అనే పసిపిల్ల వుంటుంది. పేరు కోసం, ఉద్యోగం నిలబెట్టుకోవడం కోసం తండ్రే ఆ పిల్లని కుక్కతో కలిపి ఒక వింత జంతువుగా మార్చేస్తాడు. మన హీరో ఆ పిల్లని కాపాడలేకపోతాడు. ఆ ఓటమి మర్నాటికి మాసిపోదు, వాడితోనే నడుస్తుంది. చివర్లో తమ్ముణ్ణి తెచ్చుకోవడానికి అన్న తనకి గొప్పదనమంతా తెచ్చిపెట్టిన ఆ విద్యనే వదులుకుంటాడు. రచయిత్రి హిరోము అరకావా మొదటి రోజు పెట్టిన షరతు చివరి రోజు దాకా తప్పలేదు. రచన అంటే అదండీ!

నన్ను నిద్రపోనివ్వని కథ

ఇక నా కడుపుమంట సంగతి. 'ది ప్రామిస్డ్ నెవర్‌ల్యాండ్' మొదటి భాగం 2019లో వచ్చింది. పన్నెండే పన్నెండు ఎపిసోడ్లు. గ్రేస్ ఫీల్డ్ అనే అనాథాశ్రమం. పచ్చిక, నవ్వులు, అమ్మలాంటి ఇసబెల్లా. దత్తతకని బయటికి పంపుతున్న పిల్లలు నిజానికి రాక్షసులకు ఆహారంగా వెళ్తున్నారని పదకొండేళ్ళ ఎమ్మా, నార్మన్‌లకు తెలిసిపోతుంది. మరో నేస్తం రే ఒక లెక్క చెప్తాడు. పరిగెత్తగలిగినవాళ్ళనే తీసుకుపోదాం, చిన్నపిల్లల్ని తీసుకుపోతే అందరం చస్తాం అని. కుదరదు, అందర్నీ తీసుకెళ్దాం అంటుంది ఎమ్మా.

నేను మా ఇంటికి పెద్దకొడుకుని. 2017లో ఉద్యోగానికని హైదరాబాదు బయల్దేరిన రోజున తమ్ముడు ఎనిమిదో తరగతి, చెల్లెలు ఆరు. "ముందు నువ్వు ఒడ్డున పడు, వాళ్ళ సంగతి తర్వాత చూద్దాం" అన్నారు చుట్టాలంతా. రే చెప్పిన లెక్కా అదే. అందులో తప్పేమీ లేదు. కానీ బస్సు కదిలాక కిటికీలోంచి కనబడిన ఆ ఇద్దరి మొహాలకి ఏ లెక్కా సమాధానం చెప్పదు. అందుకే ఆ పిల్ల "అందర్నీ" అన్నప్పుడు నేను గదిలో ఒక్కణ్ణీ లేచి కూర్చున్నాను.

మొదటి భాగం ఆ మాటని తేలిగ్గా నెగ్గనివ్వదు. నార్మన్ ముందే బలవుతాడు. పారిపోయే రాత్రి నాలుగేళ్ళూ అంతకన్నా చిన్నవాళ్ళని వెనక వదలక తప్పదు. తిరిగొస్తానని మాటిచ్చి వెళ్తుంది. ఇసబెల్లా కూడా ఒకప్పుడు అలాంటి ఆశ్రమంలో పెరిగిన పిల్లే, బతకడం కోసం ఈ ఉద్యోగం ఒప్పుకున్నదే అని చివర్లో తెలుస్తుంది. పిల్లలు గోడ దాటాక ఆ తాడుని ఆవిడే తీసి దాచి, జుట్టు విప్పుకుని, వాళ్ళు వెళ్ళినవైపు చూస్తూ నిలబడుతుంది. రాక్షసులతో చేతులు కలిపిన ఆడమనిషి కోసం కన్నీళ్ళు పెట్టించారు!

రెండేళ్ళు ఎదురుచూశాం. 2021లో రెండో భాగం వచ్చింది. ఏమని చెప్పను! మూలకథ మొత్తం 181 అధ్యాయాలు. మొదటి భాగం 37 అధ్యాయాలకి 12 ఎపిసోడ్లు తీసుకుంది. మిగిలిన అధ్యాయాల కథని రెండో భాగం 11 ఎపిసోడ్లలో ముగించేసింది. తమాషాకి పిల్లల్ని వేటాడే గోల్డీ పాండ్ ఘట్టం ఎత్తేశారు. తోటివాళ్ళందర్నీ పోగొట్టుకుని ఒంటరిగా మిగిలిన యూగో అనే పెద్దమనిషిని ఎత్తేశారు. తప్పించుకున్నాక బతుకు ఎలా వుంటుందో ఎమ్మాకి చూపించే అద్దం అతను. అద్దం తీసేస్తే మొహం ఎక్కడ చూసుకోవాలి?

నార్మన్ బతికే వున్నాడు. రాక్షసజాతినంతా తుడిచిపెట్టాలన్న పగతో తిరిగొస్తాడు. ఎంత పెద్ద మలుపు! ప్రాణస్నేహితులు ఎదురెదురుగా నిలబడాల్సిన చోటు. కానీ పల్లె మీద దాడికి దిగినవాడు నాలుగు మాటలకే కరిగిపోతాడు. ఇసబెల్లా పిల్లల పక్షం చేరుతుంది. ఏ రాత్రి ఆవిడ మనసు మారిందో మనకెవరూ చూపించరు. ఇక ముగింపు... ఏళ్ళ తరబడి జరగాల్సిన కథంతా కదలని బొమ్మలుగా, పెళ్ళి ఆల్బం తిప్పినట్టు తిప్పేశారు. మూలకథలో ఎమ్మా అందర్నీ దాటించినందుకు తనవాళ్ళ జ్ఞాపకాలనే ధరగా చెల్లిస్తుంది. సీరియల్లో ఎమ్మాకి ఆ బాధ లేదు. అందరూ నవ్వుతూ కలుసుకున్నారు. శుభం!

బొమ్మ నాణ్యత తగ్గిందని కాదు నా ఏడుపు. "అందర్నీ తీసుకెళ్ళాలంటే ఎంత ఇవ్వాలి?" అని అడిగిన కథ, జవాబు చెప్పే చోటికి వచ్చేసరికి దొడ్డిదారిన వెళ్ళిపోయింది. ఆ జవాబు నాకు నిజంగా కావలసివచ్చింది.

ఆడపిల్లలు ఎక్కడికి పోతున్నారు?

మా చెల్లెలు ఇప్పుడు డిగ్రీ చదువుతూ నా దగ్గరే వుంటోంది. 'నరుతో' కలిసి చూశాం. అందులో సకురా ఉంది కదా, అడవిలో పరీక్ష జరిగేటప్పుడు స్నేహితులిద్దరూ స్పృహతప్పి పడివుంటే, శత్రువు పట్టుకున్న తన పొడుగాటి జుట్టుని తనే కత్తితో కోసేసుకుని ఎదురు తిరుగుతుంది. చెల్లెలు చప్పట్లు కొట్టింది. తర్వాత వచ్చిన 'షిప్పుడెన్' మొదట్లో ముసలి చియోతో కలిసి ససోరి లాంటి ఘటికుణ్ణి ఓడిస్తుంది. ఇంకేం, ఇక ఈ పిల్లని ఆపేవాళ్ళు లేరనుకున్నాం.

ఆ తర్వాత వందల ఎపిసోడ్లు. చాలావాటిలో ఆ పిల్ల పని ఒక పక్కన నిలబడి "నరుతో! సాసుకే!" అని అరవడమే. "అన్నయ్యా, ఈ అమ్మాయికి ఇంటర్వెల్ తర్వాత కాల్‌షీట్లు దొరకలేదా?" అంది చెల్లెలు. నవ్వొచ్చింది గానీ, దాని గొంతులో నిష్ఠూరం నిజమైనదే.

2012లో వచ్చిన 'స్వోర్డ్ ఆర్ట్ ఆన్‌లైన్' మరీ అన్యాయం. అసునా కత్తి పట్టిందంటే మెరుపే, ఒక పెద్ద దళానికి ఉపనాయకురాలు. పద్నాలుగు ఎపిసోడ్లు అలా చూపించి, తర్వాతి కథలో ఆమెని తీసుకెళ్ళి పంజరంలో కూర్చోబెట్టారు. ఒక్కసారి తప్పించుకోబోయి దొరికిపోతుంది. మిగతాదంతా హీరోగారు ఎప్పుడొస్తారా అని ఎదురుచూపే. పాటలకీ, విలన్ ఎత్తుకుపోవడానికీ తప్ప హీరోయిన్‌తో పనిలేని సినిమాలు మన దగ్గర తక్కువా? వాటినుంచి తప్పించుకుందామనే కదా అంతదూరం వెళ్ళింది!

'సోలో లెవలింగ్' సంగతీ చెప్పాలి. కొరియా కథ, జపాన్ బొమ్మ. 2025లో క్రంచీరోల్ వాళ్ళ ఉత్తమ అనిమే బహుమతి కొట్టింది. అమ్మ ఆసుపత్రి ఖర్చుల కోసం అందరికన్నా బలహీనుడైన జిన్‌వూ ప్రాణాలకి తెగించి వెళ్ళే ఆ మొదటి ఎపిసోడ్లకి దండం పెట్టాలి. అమ్మ కళ్ళు తెరిచిన సన్నివేశంలో నా కళ్ళూ చెమ్మగిల్లాయి. మరి మధ్యలో? జెజూ ద్వీపంలో దేశంలోని మహావీరులంతా చీమల రాజు చేతిలో చిత్తయ్యాక హీరో వస్తాడు. ఈలలు పడతాయి. కానీ ఆ వీరులు ఎవరు, దేనికి భయపడతారు, ఇంటి దగ్గర వాళ్ళకెవరున్నారు? ఎవరి గురించీ మనసుకి పట్టేలా చెప్పరు. హీరో వచ్చేదాకా దెబ్బలు తినడం వాళ్ళ ఉద్యోగం, అంతే.

రెండు జబ్బులు

ఎందుకిలా జరుగుతోంది? నాకు కనబడేవి రెండు జబ్బులు.

ఒకటి సాగతీత. బొమ్మల కథ పత్రికలో వారం వారం ఇంకా వస్తూనే వుంటుంది, టీవీ సీరియల్ దాన్ని తరుముకుంటూ వచ్చేస్తుంది. ఆగితే స్లాటు పోతుంది. అప్పుడు సొంత కథలు అల్లుతారు. 'నరుతో' మొదటి సీరియల్ 220 ఎపిసోడ్లలో చివరి 80కి పైగా దాదాపు అన్నీ ఇలాంటివే. ఈ అల్లిన కథల్లో పాత్రలు మారడానికి వీల్లేదు. ఎందుకంటే అసలు కథ మళ్ళీ మొదలయ్యేసరికి వాళ్ళు ఎక్కడ వదిలితే అక్కడే దొరకాలి కదా!

రెండోది కుదింపు. ఇప్పుడు సీరియళ్ళు పదకొండు, పన్నెండు, పదమూడు ఎపిసోడ్ల విడతలుగా వస్తున్నాయి. ఆ కొలతలో కథ పట్టకపోతే ముందు ఎగిరిపోయేది ఫైటింగు కాదు, ఇద్దరు కూర్చుని మాట్లాడుకునే సీను. అప్పుడు పాత్రలు మారతాయి గానీ ఎందుకు మారాయో తెలియదు. మొదటి జబ్బులో మనిషి మారడు, రెండోదాంట్లో కారణం లేకుండా మారతాడు. రెండింట్లోనూ చచ్చేది పాత్రే.

జనానికి ఫైట్లు చాలులే అన్న మాట మాత్రం నేను ఒప్పుకోను. 'ఇన్ఫినిటీ కాజిల్' ఆడుతున్న హాల్లో చూశాను. తాంజిరో కత్తి తీసినప్పుడల్లా కాగితాలు ఎగరేసిన కుర్రాళ్ళు, విలన్ అకాజా గతం వచ్చేసరికి గప్‌చుప్ అయిపోయారు. జబ్బుతో వున్న తండ్రి మందుల కోసం దొంగతనం చేసిన పిల్లవాడు, పెళ్ళాడబోయే అమ్మాయిని విషానికి పోగొట్టుకున్న యువకుడు... ఆ కాసేపు సెల్‌ఫోన్ వెలుతురు ఒక్కటి కనబడలేదు. నా ముందు వరసలో ఈలలేస్తూ గోలచేసిన కుర్రాడు చొక్కా చేత్తో కళ్ళు తుడుచుకున్నాడు.

కాబట్టి మిత్రులారా, ఈసారి ఏదైనా సీరియల్ చూసి "బొమ్మ అదిరిందిరా!" అని స్నేహితుడికి చెప్పేటప్పుడు, పక్కనే ఇంకో ప్రశ్న కూడా వేయండి. మొదటి ఎపిసోడులో వున్న మనిషికీ చివరి ఎపిసోడులో వున్న మనిషికీ తేడా ఏమిటి, ఆ తేడా కోసం అతను ఏం పోగొట్టుకున్నాడు? ఇద్దరూ తడుముకుంటున్నారా? అయితే మీరు చూసింది కథ కాదు, ఖరీదైన కాలెండరు.